మూడు చీటీల్లో ఒకే మాట: ప్రొటీన్

భోగి నాటి రాత్రి మా ఆమదాలవలస ఇంట్లో పదిమందిమి చేరాం. కవిటి నుంచి పిన్ని వచ్చింది. ఏడో నెల కడుపుతో అప్ప కూతురు వచ్చింది. దాని తమ్ముడు విజయనగరంలో చదువుకుంటూ సాయంత్రాలు బరువులెత్తడం నేర్చుకుంటున్నాడు. వాడూ వచ్చాడు, సంచీలో ఓ పెద్ద ప్లాస్టిక్ డబ్బాతో. అన్నాల దగ్గర పప్పు గిన్నె పిన్ని ముందుకు జరిపితే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మూత్రపిండాల పని తగ్గి రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని తేలి ఆమెకు ఏడాదైంది. ప్రొటీన్ తగ్గించమని డాక్టరు చీటీ మీద రాసిచ్చారు. మేనకోడలి చీటీ మీద ప్రొటీన్ బాగా తీసుకోవాలని ఉంది. మేనల్లుడి డబ్బా మీద ఆ మాటే అరచెయ్యంత అక్షరాలతో అచ్చేసి ఉంది.

"ఏటి బాబూ ఇది? దీనికేమో తినమంతారు, నాకేమో మానీమంతారు. మా వీధిలో ఒకాయన డయాలసిస్‌కి ఎల్తన్నాడు. మొన్నటిదాకా వద్దన్నోలే ఇప్పుడు ఆయన్ని రోజూ గుడ్డు తెల్లసొన తినమన్నారట. మనిషికో మాటా?" అంది పిన్ని.

ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా బడిలో సైన్సు చెప్తున్నాను. ప్రొటీన్లు, రకాలు, విధులు అని బోర్డు మీద పట్టిక గీసి పిల్లలచేత రాయిస్తాను. నిర్మాణానికి కొన్ని, రవాణాకు కొన్ని, రక్షణకు కొన్ని, ఎంజైములు, హార్మోన్లు. పట్టికలో తప్పేమీ లేదు, కానీ పిన్ని అడిగినదానికి అందులో జవాబు లేదు. కంచంలో ఉండేదాన్నీ, ఒంట్లో పనిచేసేదాన్నీ, మూత్రపరీక్షలో కనిపించేదాన్నీ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. చిక్కంతా అక్కడుంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే చీటీలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం లేదని తెలుస్తుంది. కొంచెం ఓపిక పట్టండి, మొదటి నుంచీ వస్తాను.

పేరుతో మొదలుపెడదాం. 1838లో ముల్డర్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త ప్రొటీన్ అన్న మాటను అచ్చులోకి తెచ్చాడు. ఆ పేరు సూచించింది స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్. గ్రీకులో మొదటి స్థానంలో ఉండేది అని దాని భావం. మన పాఠ్యపుస్తకాల్లో మాంసకృత్తులు అని రాసుకున్నాం. ఆ మాట వినగానే కండ గుర్తొస్తుంది, వెంటనే వేటమాంసం గుర్తొస్తుంది. కండను కట్టడం ప్రొటీన్లు చేసే పనుల్లో ఒకటి మాత్రమే. కన్నీళ్లలో ఉండి క్రిముల గోడలు పగలగొట్టేది ప్రొటీన్. కంటి కటకం అంత స్వచ్ఛంగా ఉందంటే దాన్ని నింపినవి ప్రొటీన్లు. నరాల మీదుగా కబురు నడవడానికి తలుపులు తీసి మూసేవి ప్రొటీన్లు. మన జన్యువుల్లో ప్రొటీన్ల తయారీకి ఆదేశాలున్నవి సుమారు 20 వేలు. మాంసకృత్తులన్న పేరు కింద ఇంత సంసారం పడదు కాబట్టి నేను ప్రొటీన్ అనే రాస్తున్నాను.

తువ్వాలు మడత

పొలానికెళ్లే మనిషి భుజమ్మీది తువ్వాలు చూడండి. ఎండకు అది తలపాగా. మోపు ఎత్తుకునేటప్పుడు చుట్టకుదురు. గట్టుమీద చెట్టుకొమ్మకు కడితే పసిబిడ్డకు ఉయ్యాల. గుడ్డ అదే, మడతే వేరు. మడత మారితే పని మారుతుంది. ప్రొటీన్ కథ చాలావరకు ఇంతే.

అమైనో ఆమ్లాలని 20 రకాల చిన్న అణువులున్నాయి. వీటిని పూసల్లా వరసగా గుచ్చితే వచ్చే దండ ప్రొటీన్. ఇన్సులిన్‌లో 51 పూసలే. ఆ పూసల వరసను పూర్తిగా చదివి చూపినందుకు ఫ్రెడరిక్ సాంగర్‌కు 1958లో నోబెల్ వచ్చింది. కండరంలో ఉండే టైటిన్‌లో 34 వేలకు పైగా పూసలు. అయితే దండగా ఉన్నంతసేపూ అది ఏ పనీ చెయ్యదు. గుచ్చడం అవుతుండగానే ముడుచుకుంటుంది, మెలి తిరుగుతుంది, మడతలు పడుతుంది. నీళ్లంటే గిట్టని పూసలు లోపలికి దాక్కుంటాయి, నీళ్లను ఇష్టపడేవి బయటికొస్తాయి. తువ్వాలుకు మడత వేసేది మన చెయ్యి. ప్రొటీన్‌కు మాత్రం పూసల వరసే మడతను నిర్ణయిస్తుంది. దారంలా పొడుగ్గా సాగినవి తాళ్ల పని, కట్టుబడి పని చేస్తాయి. ఉండలా చుట్టుకున్నవి నీళ్లలో తిరుగుతూ మోతలు మోస్తాయి, కోతలు కోస్తాయి. కణం పొరలో గుచ్చుకుని ఉండేవి ద్వారపాలకుల పని చేస్తాయి.

మడత చెడితే ఏమవుతుందో మన వంటింట్లో రోజూ కనిపిస్తుంది. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది. వేడికి మడతలు విప్పుకున్న దండలు ఒకదానికొకటి చిక్కుపడి నీటిని తమలో బంధించేస్తాయి. చల్లారబెట్టినా మళ్లీ పల్చని సొన కాదు. పాలల్లో నిమ్మరసం పిండితే విరిగేదీ ప్రొటీన్ వల్లనే, తోడు వేస్తే పెరుగయ్యేదీ ప్రొటీన్ వల్లనే. అక్కడ వేడికి బదులు పులుపు పనిచేస్తుంది.

ఇప్పుడు జున్ను సంగతి. మామూలు పాలను ఎంత కాచినా గిన్నెలో గడ్డ కట్టవు. ఈనిన ఆవు ముర్రుపాలు ఆవిరి మీద పెడితే చాలు, గడ్డ కడతాయి. తేడా ఎక్కడుంది? మామూలు పాలల్లో ఎక్కువ భాగం కేసిన్ అనే ప్రొటీన్. అది వేడికి ఓర్చుకుంటుంది. మొదటి పూట ముర్రుపాలలో ప్రొటీన్ మామూలు పాలకన్నా నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. అందులో పెద్ద వాటా యాంటీబాడీలది. రోగాలతో తలపడే ఈ ప్రొటీన్లు వేడి తగిలితే మడత విప్పుకుని చిక్కుపడతాయి. అంటే మనం ఏలకులూ బెల్లమూ వేసుకుని తినే జున్ను, దూడ కోసం తల్లి దాచిన రక్షణ దళం గడ్డకట్టిన రూపం. ఆవు కడుపులో ఉండగా దూడకు తల్లి యాంటీబాడీలు మాయ దాటి రావు. పుట్టాక తొలి గంటల్లో తాగిన ముర్రుపాలతోనే అందాలి. అందుకే దూడ కడుపు నిండాకే జున్నుపాలు పిండుకోవాలని నా పట్టుదల.

మనుషుల్లో కొన్ని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. పేగుల లోపలి గోడను కాపాడే మరో రకం మాత్రం తల్లిపాలతోనే అందుతుంది, అది ముర్రుపాలలో అన్నిటికన్నా ఎక్కువ. పసుపుపచ్చగా ఉన్నాయని తొలిపాలు పిండి పారబోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. మేనకోడలికి ఈ ఒక్కటీ మరీ మరీ చెప్పాను, ఎవరు చెప్పినా పారబొయ్యొద్దని.

ఒక పూస తప్పితే

సీతంపేట ఏజెన్సీ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అది మా శ్రీకాకుళం జిల్లాలోదే. అక్కడి గిరిజన పిల్లల్లో కొందరికి ఒళ్లంతా నొప్పులతో జ్వరం వచ్చేది, కళ్లు పచ్చబడేవి. అది సికిల్ సెల్ జబ్బు కావచ్చని నాకు అప్పుడు తోచలేదు.

రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలు, మొత్తం 574 పూసలు. నాలుగింటిలో రెండు బీటా దండలు. వాటిలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో అక్కడ వాలీన్ ఉంటుంది. మొదటిది నీళ్లను ఇష్టపడే పూస, రెండోది నీళ్లంటే గిట్టనిది. ఆ తేడా చాలు. ఆక్సిజన్‌ను వదిలిపెట్టగానే ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీలవుతాయి. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంకర పోతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అందువల్ల. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ఈ కణం పది ఇరవై రోజులకే చితికిపోతుంది. రక్తహీనత అందువల్ల.

1949లో లైనస్ పౌలింగ్ బృందం దీన్ని అణువుకు వచ్చిన జబ్బుగా చూపింది. తర్వాత కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ ఆ ఒక్క పూస ఏదో పట్టుకున్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఈ మార్పు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే జబ్బు దాదాపు కనిపించదు, పైగా తీవ్రమైన మలేరియా నుంచి కొంత కాపుదల. మలేరియా మన్యంలో ఇది తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం అదే. దేశంలో 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ల లోపు 7 కోట్లమందికి పరీక్షలు చెయ్యాలని పెట్టుకుంది. ఏజెన్సీలో పెళ్లి సంబంధం కుదుర్చుకునే ముందు ఆ పరీక్ష చేయించుకోవడం ఎంత ముఖ్యమో ఆ ఆరో పూస చెబుతుంది.

ఒంట్లో ఎవరి పని వారిది

కట్టుబడి ప్రొటీన్ల గురించి పిల్లలకు చెప్పాలంటే నేను పొందూరు ఖద్దరు పోగొకటి, రాలిన తలవెంట్రుకొకటి పట్టుకెళ్తాను. పోగు కాలిస్తే కాగితం కాలిన వాసన. వెంట్రుక కాలిస్తే ముక్కు మూసుకోవలసిన ఆ ఘాటు వాసన. పత్తి పోగు సెల్యులోజ్, అంటే పిండిపదార్థానికి చుట్టం. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్, అందులో గంధకం ఉంది. గోరు, కొమ్ము, గిట్ట, ఈక అన్నీ ఆ జాతివే. పట్టుచీర అంచు నుంచి తీసిన పోగు కాలిస్తే కూడా కాలిన వెంట్రుక వాసనే వస్తుంది, పట్టు కూడా ప్రొటీనే. కొట్లో పట్టు అసలో నకిలీయో పెద్దవాళ్లు చూసేది ఇలాగే.

మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీన్ కొల్లాజెన్. చర్మం, ఎముక, కీలు, నరం అని మనం పిలిచే స్నాయువు, అన్నీ దానిమీదే నిలబడతాయి. మూడు దండలు పురి తిప్పిన మోకులా ఉంటుందని దాని రూపాన్ని 1954లో లోకానికి చెప్పింది మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా. ప్రతి మూడో పూసా గ్లైసీన్ అనే చిన్న పూస అయితేనే ఆ మోకు బిగుస్తుంది. బిగింపుకు సి విటమిన్ కావాలి. ఉసిరి, జామ, నిమ్మ ఏదీ నెలల తరబడి అందకపోతే చిగుళ్లు కారడం, పుండు మానకపోవడం మోకు సడలినందువల్లే. మేక కాళ్ల పులుసు మర్నాటికి జిగటగా గడ్డ కట్టడం చూశారు కదా. ఎముకల నుంచి దిగిన కొల్లాజెన్ మోకులు వేడికి విడిపోయి జెలటిన్ అయిన తీరు అది.

కదిలించేవి వేరు. మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ క్షణంలో ఆమె కండరాల్లో జరిగింది ఇది. మయోసిన్ అనే ప్రొటీన్ తలలు ఆక్టిన్ అనే ప్రొటీన్ తాళ్లను పట్టుకుని, లాగి, వదిలి, మళ్లీ పట్టుకున్నాయి. పడవ ఒడ్డుకు లాగేటప్పుడు జాలరులు మోకు పట్టి లాగినట్టే. టైటిన్ స్ప్రింగులా ఉండి కండ చిరగకుండా కాచింది. ఒక్కో లాగుకూ ఒక ఏటీపీ అణువు ఖర్చవుతుంది. కండలో ఆ ఇంధనం కొద్ది క్షణాలకే సరిపోతుంది, వెంటనే దాన్ని నింపేది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీన్ని కనిపెట్టినవాళ్లలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేసిన మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఈ క్రియాటిన్ అన్న మాట గుర్తుంచుకోండి, పిన్ని చీటీ దగ్గర మళ్లీ పని పడుతుంది.

రక్తంలో ఆల్బుమిన్ ఉంది. కాలేయం చేస్తుంది. కొవ్వు ఆమ్లాలను, కొన్ని మందులను మోస్తుంది. అంతకన్నా పెద్ద పని, నీటిని రక్తనాళాల లోపలే పట్టి ఉంచడం. అది బాగా తగ్గితే నీరు ఒంట్లోకి ఊరుతుంది, పాదాలు వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఫైబ్రినోజెన్ కూడా రక్తంలోనే కరిగి ఉండి, గాయమైతే పోగులై వలలా అల్లుకుని రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. వరికోతల్లో రక్తపింజర కాటేస్తే ఆసుపత్రిలో ముందుగా రక్తం కాస్త గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. ఆ పాము విషంలోని ప్రొటీన్లు గడ్డకట్టే ప్రొటీన్లను లోపలే వాడేసి ఖాళీ చేస్తాయి, గొట్టంలో రక్తం గడ్డ కట్టదు. విషానికి విరుగుడుగా ఎక్కించే మందులో ఉన్నది గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. విషమూ ప్రొటీన్, విరుగుడూ ప్రొటీన్. ఆకుపసరుతో ఆలస్యం చెయ్యొద్దని మా పిల్లలకు ఈ పాఠంలోనే చెప్తాను.

ఒంట్లో కోతలూ మార్పులూ చేసే ప్రొటీన్లయిన ఎంజైముల గురించి రెండు మాటలు చాలు. అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే తియ్యబడుతుంది, ఉమ్మిలోని అమైలేజ్ పిండిని చక్కెరగా కోస్తోంది. మాంసంలో పచ్చిబొప్పాయి ముక్క వేస్తే మెత్తగా ఉడుకుతుంది, బొప్పాయి పాలలోని పపైన్ ప్రొటీన్లను కోస్తోంది. ఎంజైముకు ఏ పని ఇచ్చారో ఆ పనే చేస్తుంది. అమైలేజ్ మాంసం జోలికి పోదు.

తిన్నది ఏమవుతుంది

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. గుడ్డులోని ప్రొటీన్ గుడ్డు ప్రొటీన్‌గానే మన కండలో చేరదు. కడుపులో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్, వాటి తోటివాళ్లు దండను పూసపూసగా విప్పేస్తారు. రక్తంలోకి వెళ్లేవి దాదాపుగా విడి పూసలే. లైసీన్ అనేది ఆ పూసల్లో ఒకటి. కందిపప్పు నుంచి వచ్చిన లైసీన్‌కూ, నెత్తళ్ల నుంచి వచ్చిన లైసీన్‌కూ ఆ తర్వాత తేడా లేదు. షుగరున్నవాళ్లు ఇన్సులిన్ సూదితో తీసుకోవడానికి కారణం ఇదే. మింగితే అది హార్మోన్‌గా ఉండదు, 51 పూసలుగా విడిపోయి మామూలు తిండి అయిపోతుంది. చర్మం నిగారింపుకని అమ్మే కొల్లాజెన్ పొడి తాగినా ముందు జరిగేది ఈ విప్పడమే. ఆ పూసలతో ఏం కట్టాలో మోకాలూ చెంపా కలిసి నిర్ణయించుకోవు, ఒంటికి ఏది అవసరమో దానికి వెళ్తాయి.

20 పూసల్లో 11ను ఒళ్లు తానే చేసుకోగలదు. మిగతా తొమ్మిది తిండి నుంచే రావాలి. బియ్యంలో లైసీన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిసి తింటే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. పప్పన్నం కలుపుకుని తిన్న పూర్వీకులకు ఈ పేర్లేవీ తెలియవు, కానీ లెక్క సరిపోయింది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బియ్యంలో నూటికి ఏడు ఎనిమిది పాళ్లు ప్రొటీన్. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తినేవారికి అన్నం నుంచే 20 గ్రాములు దాటి వస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతుంది. 55 కిలోల ఆడమనిషికి సుమారు 46 గ్రాములు. చివరి మూడు నెలల గర్భిణికి దానికి తోడు 22 గ్రాములు. మా మేనకోడలి చీటీకి అర్థం అదే. లోపల ఒక మనిషి తయారవుతున్నాడు, మాయ పెరుగుతోంది, తన రక్తం కూడా పెరుగుతోంది, పూసలు ఎక్కువ కావాలి. ఐరన్ మాత్రలూ అందుకే. హీమోగ్లోబిన్‌కు దండలూ కావాలి, దండల మధ్య ఇనుమూ కావాలి.

ఒంట్లో రోజూ కొత్తగా తయారయ్యే ప్రొటీన్ ఎంతో తెలుసా? 250 నుంచి 300 గ్రాములు. మనం తినేది 50, 60 గ్రాములే. మిగతాదంతా ఒళ్లు తన పాత ప్రొటీన్లను విప్పి, పూసలను మళ్లీ వాడుకోవడం. పాత ఇల్లు విప్పి ఆ దూలాలతోనే కొత్త ఇల్లు కట్టుకున్నట్టు. ఈ మరమ్మతు నిద్రలోనూ ఆగదు. అయితే బియ్యాన్ని గాదెలో పోసినట్టు మిగులు పూసలను దాచుకోవడానికి ఒంట్లో చోటు లేదు. అవసరానికి మించినవి ఇంధనంగా కాలిపోతాయి, లేదా కొవ్వవుతాయి.

మేనల్లుడికి నేను చెప్పింది ఇదే. బరువులెత్తేవాడికి కిలోకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా పనికొస్తుంది, అది నిజం. డబ్బాలో ఉన్నది పాలు విరిగాక మిగిలే తేటలోని ప్రొటీన్‌ను ఎండబెట్టిన పొడి. చెడ్డదేమీ కాదు, మంత్రమూ కాదు. రెండు గుడ్లలో 12 గ్రాములుంటుంది. గుప్పెడు వేరుశనగలు, గుగ్గిళ్లు చేసిన ఉలవలు, పెరుగు, సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి చేపలు. వాటిని దాటి ఇంకా కావలసి వస్తే అప్పుడు డబ్బా. "మరి ఎత్తకుండా తాగితే కండ రాదా మావా?" అన్నాడు. రాదు. బరువు మోసిన కండకే పూసలు చేరతాయి.

పిన్ని చీటీ

కాలిపోతాయన్నాను కదా, బూడిద మిగలాలి. పిండిలో, కొవ్వులో లేనిది అమైనో ఆమ్లాల్లో ఒకటుంది, నత్రజని. మిగతా భాగం కాలి గాలీ నీరూ అవుతుంది. నత్రజని అమ్మోనియాగా మిగులుతుంది, అది విషం. కాలేయం దాన్ని వెంటనే యూరియాగా మారుస్తుంది. రైతు బస్తా విప్పి వరిలో చల్లే యూరియా, రక్తపరీక్ష కాగితంలోని యూరియా అణువుకు అణువు ఒకటే. వరికోశాక చేలో చల్లిన మినుము మొక్క పీకి వేరుబుడిపె చిదిమితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. మన హీమోగ్లోబిన్‌కు చుట్టమైన ఓ ప్రొటీన్‌ది ఆ రంగు. అది ఆక్సిజన్‌ను అదుపులో పెడితే, పక్కనే మరో ప్రొటీన్ గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. అక్కడ మొదలైన నత్రజని పప్పై, మనలో ప్రొటీనై, చివరికి యూరియాగా బయటికి పోవాలి. పోయే దారి మూత్రపిండాలు.

రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. దాదాపు అంతా తిరిగి రక్తంలోకి వెళ్లి లీటరో రెండు లీటర్లో మూత్రంగా వస్తుంది. ఆ జల్లెడ సరిగా ఉంటే యూరియా బయటికి పోతుంది, ఆల్బుమిన్ లోపలే ఉంటుంది. జల్లెడ పని తగ్గితే యూరియా లోపలే పేరుకుంటుంది. పప్పు తగ్గించమన్నది బూడిద తక్కువ పడాలని. పప్పు జబ్బు తెచ్చిందని కాదు.

క్రియాటినిన్ ప్రొటీన్ కాదు. కండలోని క్రియాటిన్ రోజూ కొంత అరిగి క్రియాటినిన్‌గా రక్తంలో కలుస్తుంది. రోజూ దాదాపు ఒకే మోతాదులో పుడుతుంది కనుక, రక్తంలో అది పెరిగిందంటే జల్లెడ వెనకబడిందని గుర్తు. క్రియాటిన్ పొడి తాగే కుర్రాళ్లలో మూత్రపిండాలు బాగున్నా ఇది కాస్త ఎక్కువ చూపించవచ్చు. పరీక్షకు ముందు ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

మూత్రంలో ప్రొటీన్ అన్నది ఇంకో సంగతి. అది తిన్న పప్పు కారిపోవడం కాదు. రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ జల్లెడ దాటి రావడం. షుగరు ఎక్కువకాలం అదుపు తప్పినవాళ్లలో జల్లెడ దెబ్బతింటున్న తొలి సూచన ఇదే. మేనకోడలి కార్డులో ప్రతి నెలా ఆల్బుమిన్ నిల్ అని రాస్తున్నారు. ఐదో నెల దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ఆల్బుమిన్ కనిపిస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రొటీన్ ఎక్కువ తిన్నాను కాబట్టి వచ్చిందేమో అని గుడ్డు మానేసి ఇంట్లో కూర్చోకూడదు.

మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పల్లెల్లో ఏళ్ల తరబడి కమ్ముకున్న ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. ఇందులో దెబ్బ ముందుగా జల్లెడ కన్నా దాని దిగువనున్న సన్నటి గొట్టాలకూ వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ తగులుతుంది. కాబట్టి చాలామందిలో మూత్రంలో ప్రొటీన్ లేకుండానో, ఉన్నా కొంచెమో ఉండి, జబ్బు ముదిరిపోతుంది. కాళ్లవాపు కూడా ఆలస్యంగా వస్తుంది. మూత్రంలో పట్టీ ముంచి చూసి ఏమీ లేదన్నారని ఊరుకుంటే సరిపోదు. ఉద్దానంలో ఉన్నవాళ్లు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని తీరాలి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. పిన్నికి జబ్బు బయటపడింది ఊళ్లో పెట్టిన శిబిరంలో రక్తపరీక్ష వల్లే. అప్పటికి ఆమెకు ఏ బాధా లేదు.

మర్నాడు సంక్రాంతి పొద్దున పిన్ని పక్కన కూర్చుని లెక్క వేశాం. ఆమె బరువు 50 కిలోలు. డయాలసిస్ అవసరం రాని దశలో డాక్టర్లు సాధారణంగా కిలోకు 0.6 నుంచి 0.8 గ్రాముల మధ్య నిర్ణయిస్తారు. ఆమెకు 0.8 అన్నారట, అంటే 40 గ్రాములు. రెండు పూటల అన్నంలో, టిఫినులో కలిపి 20 దాటిపోయింది. ఇంకా 15, 20 గ్రాములకు చోటుంది. పప్పు మాన్పించలేదు, కొలత పెట్టారు. ఏడాదిగా ఆమె పప్పు, గుడ్డు, చేప అన్నీ మానేసి అన్నం చారుతో గడుపుతోంది. మనిషి సగమైంది. తిండి మరీ తగ్గితే ఒళ్లు తన కండనే విప్పుకుని కాలుస్తుంది, అప్పుడూ యూరియానే పుడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఎంత తినాలో గ్రాముల్లో అడగమని చీటీ వెనక రాసిచ్చాను.

"మరి మా వీధిలోయన?" అంది.

ఆయన మూత్రపిండాల పని ఇప్పుడు యంత్రం చేస్తోంది పిన్నీ. యంత్రం యూరియాను తీసేస్తుంది, దాంతోపాటు రక్తంలో తిరిగే విడి పూసలనూ కొన్నిటిని లాగేస్తుంది. పోయినవి మళ్లీ నింపాలి. అందుకని డయాలసిస్ మొదలైనవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలంటారు. తెల్లసొనే ఎందుకంటే అందులో ప్రొటీన్ నిండుగా ఉంటుంది, దెబ్బతిన్న మూత్రపిండాలు బయటికి పంపలేని భాస్వరం తక్కువగా ఉంటుంది.

ఆమె కాసేపు వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుంది. మధ్యాహ్నం అన్నాల్లో గరిటెడు ముద్దపప్పు వడ్డించమని తనే అడిగింది.